ఎరిగినవారి నవ్వు

నవ్వులో రెండు తెగలు కలవు. వానకాలమున నడివీధిలో జారిపడిన పెద్దమనిషిని చూచి ఎవరైనను నవ్వుదురు. ఆ నవ్వునకు చదువుతో పనిలేదు, భాషతోనైనను పనిలేదు. రెండవ తెగ నవ్వు అట్టిది కాదు. ఒక కథనో, ఒక పద్యమునో, ఒక నటుని నడకనో ముందుగా బాగుగా ఎరిగియుండవలెను. దానిని మరియొకడు కొంచెము వంకరగా అనుకరింపవలెను. ఆ వంకర ఎక్కడున్నదో పట్టుకొనగలిగినవానికి మాత్రమే ఆ నవ్వు వచ్చును. పక్కన కూర్చున్నవాడు ‘ఏమిటికి నవ్వుచున్నావు?’ అని అడిగినచో వివరించుటకు అరగంట పట్టును. వివరించిన పిమ్మట అతనికి నవ్వు రాదు. ఈ రెండవ నవ్వు పుట్టించు రచనను ఇంగ్లీషువారు పేరడీ అనిరి. మనవారును ఆ మాటనే తెలుగు మాటగా చేసికొనిరి.

ఈ ఎరిగినవారి నవ్వు ఈనాడు మన విద్యార్థులలో విరివిగా వినవచ్చుచున్నది. అయితే అది తెలుగు పద్యమునుండి పుట్టుట లేదు. జపానుదేశపు కదలు బొమ్మల కథలనుండి, వారు యానిమే అని పిలుచు చిత్రములనుండి పుట్టుచున్నది. ఆ కథలకు అక్కడివారే హాస్యానుకరణములు చేసికొందురు. వాటిని చూచి ఇక్కడి మన పిల్లలు పకపక నవ్వుదురు. ఇది చూచి నావంటి తెలుగు పంతుళ్లలో కొందరు నొసలు చిట్లింతురు. చిట్లించుటకు ముందు ఆ నవ్వులో ఏమున్నదో పరిశీలించుట మంచిది. ఏలయన, మన తెలుగు బోధనకు పట్టిన జబ్బు పేరేమో ఆ నవ్వే మనకు చెప్పగలదని నా తలంపు.

హైదరాబాదునకు ఉత్తరపు దిక్కుననున్న జీడిమెట్ల పారిశ్రామికవాడను ఉదాహరణముగా గ్రహింతము. మందుల కర్మాగారములకును, రసాయనముల కర్మాగారములకును అది పేరుపడినది. షాపూరునగరు, చింతలు, గాజులరామారము మొదలగు పేటలన్నియు ఆ కర్మాగారములను ఆశ్రయించి పెరిగినవే. హైటెక్ సిటీ అద్దాల మేడలు ఇక్కడికి దూరము కాదుగాని, అక్కడి జీవితము వేరు, ఇక్కడి జీవితము వేరు. ఇక్కడ ఒక తరగతి గదిలో శ్రీకాకుళమునుండి వచ్చినవారి బిడ్డయు, మెదకునుండి వచ్చినవారి బిడ్డయు, ఒడిశానుండియు బీహారునుండియు వచ్చినవారి బిడ్డలును ఒకే బల్లమీద కూర్చుందురు. వారి అవ్వలు చెప్పిన కథలు ఒకటి కావు. పాడుకొన్న జోలపాటలు ఒకటి కావు. అయినను వారందరకు ఉమ్మడిగా తెలిసిన కథలు కొన్ని కలవు. అవి సెల్‌ఫోనులో చూచిన జపాను కథలు. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ అను చిత్రము మన దేశమున విడుదలైనపుడు జపానీ, ఇంగ్లీషు, హిందీ, తమిళ భాషలతోపాటు తెలుగులోను విడుదలయ్యెను. వ్యాపారము చేయువారు తెలుగు మాటలు వ్రాయించి, తెలుగు గొంతుకలతో పలికించి, ఒక జపాను కథను మన సినిమాశాలలకు తెచ్చిరన్నచో, ఆ కథకు తెలుగునాట కావలసినంతమంది ఎరిగినవారు కలరని వారు ముందుగనే లెక్కవేసికొనిరన్నమాట.

ఇక ఆ హాస్యానుకరణముల తీరు చూతము. 2009లో హజిమె ఇసయామా అను రచయిత ‘ఎటాక్ ఆన్ టైటన్’ అను బొమ్మల కథను ప్రారంభించి 2021లో ముగించెను. మనుష్యులను పట్టి తిను మహాకాయుల కథ అది. ప్రాకారముల నడుమ దాగి బ్రతుకుచున్న జనుల భయము, తన కన్నులముందు తల్లిని కోల్పోయిన బాలుని పగ, ఇవి దానికి ప్రాణము. 2015లో ఆ కథకే ‘జూనియర్ హై’ అను పేరుతో ఒక హాస్యరూపము టెలివిజనులో వచ్చెను. అందులో అదే బాలుడు, అవే మహాకాయులు, అదే పగ. అయితే కథ జరుగు చోటు బడి. మహాకాయుడు చేసిన ఘోరమేమనగా, ఆ బాలుడు తెచ్చుకొన్న మధ్యాహ్నపు భోజనము తినివేయుట! బాలుడు పళ్లు కొరుకుచు పలుకు పౌరుష వాక్యములలోని ఆవేశము మాత్రము తగ్గలేదు. మూలకథ చూడనివానికి ఇది పిల్లల కేరింత. చూచినవానికో, ఆ గొంతులోని రోషమునకును ఈ అన్నపు డబ్బాకును నడుమనున్న దూరమే నవ్వు.

అంతకంటె ముచ్చటైనది 2011లో వచ్చిన ‘కార్నివాల్ ఫాంటాజమ్’. టైప్ మూన్ అను రచయితల సంస్థ తన 10 సంవత్సరముల పండుగకు దీనిని చేయించెను. ఆ సంస్థవారి ‘ఫేట్ స్టే నైట్’ అను కథలో ఏడుగురు మాంత్రికులు పురాణములనుండియు చరిత్రమునుండియు ఏడుగురు వీరులను పిలిపించి, ఒక దివ్యపాత్రకై ప్రాణములొడ్డి పోరాడుదురు. గ్రీకుల హెరాక్లీసు, ఇంగ్లండు కథలలోని ఆర్థరు రాజు అందులో పాత్రలు. అంతయు విషాదము, గాంభీర్యము. హాస్యరూపమున అదే వీరులు ఇరుగుపొరుగువారివలె ఒకచోట చేరి ఆటలాడుకొందురు, తగవులాడుకొందురు. లాన్సరు అను వీరుడు మూలకథలో దుర్మరణము పాలగును. ఇక్కడనో, ప్రతి చిన్న సందర్భమునను అతడే చచ్చును. మరల తరువాతి కథకు తయారగును. ఈ చిత్రము టెలివిజనులో ప్రసారమగుటకు తీసినది కాదు. కొనుగోలు చేయు అభిమానులకై డిస్కులుగా విడుదలయ్యెను. అనగా, ‘ఎరుగనివారు రానక్కరలేదు’ అని గుమ్మమున బల్ల కట్టి నాటకమాడినట్లు. ఇట్టి రచనలు అంతకుముందును లేకపోలేదు. 1979లో ప్రారంభమైన ‘గండమ్’ అను యుద్ధయంత్రముల కథకు 1988నుండియే పొట్టి కాళ్లు, పెద్ద తలలు గల మరుగుజ్జు యంత్రములతో హాస్యచిత్రములు వచ్చినవి.

ఇది ఈనాటి వింతయని తలచుట పొరపాటు. జపానీయుల ప్రాచీన కావ్యములలో ‘ఇసె మొనొగతారి’ ఒకటి. 10వ శతాబ్దినాటిది, ఒక రసికుడైన రాజవంశీయుని చుట్టు అల్లిన 125 గద్యపద్య ఖండికలు. 17వ శతాబ్ది పూర్వార్ధమున పేరు చెప్పని ఒక రచయిత దానికి ‘నిసె మొనొగతారి’ అను అనుకరణము వ్రాసెను. ‘నిసె’ యనగా నకిలీ. ఖండికకు ఖండిక, వాక్యమునకు వాక్యము మూలమును అనుసరించుచునే, రాజవంశీయుని శృంగారము స్థానమున సామాన్యుని ఆకలిదప్పులను నిలిపెను. పేరులో మార్పు ఒక్క అక్షరము. ‘ఇ’ పోయి ‘ని’ వచ్చినది.

తెలుగువానికి ఈ సంగతి వినగానే మరియొక పేరు స్ఫురింపక మానదు. 18వ శతాబ్దిలో కూచిమంచి జగ్గకవి ‘చంద్రరేఖా విలాపము’ వ్రాసెను. చింతలపాటి నీలాద్రిరాజు కోరికపై అతని ప్రియురాలగు చంద్రరేఖమీద ముందుగా ‘చంద్రరేఖా విలాసము’ వ్రాసెననియు, ఆ రాజు తన్ను అవమానింపగా దానిని నాశనము చేసి ‘విలాపము’ వ్రాసెననియు పరంపరగా చెప్పుదురు. ఇక్కడను పేరులో మార్పు ఒక్క అక్షరమే. ‘స’ పోయి ‘ప’ వచ్చినది. నగర వర్ణనము, నాయికా వర్ణనము, విరహము, చంద్రోపాలంభనము, ప్రబంధమునకు కావలసిన సామగ్రి అంతయు అందులో కలదు. అంతయు తలక్రిందులుగా కలదు. రెండు దేశములు, ఒకరినొకరు ఎరుగని రచయితలు, ఒక్క అక్షరపు తేడాతో ఒకే చమత్కారము! ప్రజలకు కంఠస్థమైన రూపమొకటి ఉన్నచోటనెల్ల దానిని వంకరగా వ్రాయు చేయి ఒకటి పుట్టునని దీనివలన తేటపడుచున్నది. ప్రబంధమును ప్రేమించి, దాని ఎముకలను లెక్కపెట్టగలిగినవాడు గనుకనే జగ్గకవి దానిని తలక్రిందులు చేయగలిగెను. అయితే అతని కోపము రాజుమీదనే ఆగలేదు. మారు పలుకుటకు అవకాశములేని ఒక స్త్రీమీదను పడెను. రచన బూతులమయమై తరగతి గదిలోనికి రాకపోయెను. ఈ లోపమును మనము మరువరాదు. దీనితో తరువాత పనియున్నది.

ఆధునికులలో ఈ విద్యకు పట్టముగట్టుకొన్నవాడు జరుక్ శాస్త్రి, అనగా జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి. 1914లో పుట్టి 1968లో కాలధర్మము నొందెను. శ్రీశ్రీ ‘నవకవిత’ అను గేయమున ఎర్రని వస్తువులను, భయంకరమైన వస్తువులను వరుసగా పేర్కొని, ‘క్రొత్త కవిత్వమునకు ఇవి కావలెను’ అని గర్జించెను. జరుక్ శాస్త్రి ఆ లయ చెడకుండ, ఆ ఊపు తగ్గకుండ, వాటి స్థానమున వంటింటి ఊరగాయలను, పచ్చళ్లను, అప్పడములను కూర్చెను. ఆ కాలపు చదువరికి శ్రీశ్రీ గేయము నాలుకమీద ఉన్నది. అందుచేత పచ్చడి పేరు వినగానే వెనుకనుండి రక్తవర్ణపు మాట ఒకటి ప్రతిధ్వనించెను. ఆ రెండు ధ్వనుల ఒరిపిడిలో నవ్వు పుట్టెను. శ్రీశ్రీకి దానివలన లోటు కలిగెనా? లేదు. అనుకరింపదగిన గొంతుక ఒకటి ఏర్పడినదని లోకమునకు తెలిసెను. గొంతుకలేని కవికి పేరడీ కట్టుట ఎవరితరమును కాదు.

ఇప్పుడు ఒక కష్టమైన ప్రశ్న. నేటి ఇంటర్మీడియట్ విద్యార్థికి జరుక్ శాస్త్రి గేయము చదివి వినిపించినచో నవ్వునా? ఊరగాయలకు నోరూరును గాని నవ్వు రాదు. తప్పు జరుక్ శాస్త్రిది కాదు. విద్యార్థి తెలివికిని లోటులేదు. మూలము అతని చెవిలో లేదు. అదే విద్యార్థి అన్నపు డబ్బాకై రోషపడు జపాను బాలుని చూచి విరగబడి నవ్వును. అక్కడ మూలమును అతడు పలుమారులు చూచెను. ఏ మాట ఏ గొంతుతో పలికిరో, ఏ పాత్ర ఎచట మరణించెనో అతనికి నోటికి వచ్చును. జీడిమెట్ల పిల్లవానికి శ్రీశ్రీ దూరమై, ఇసయామా దగ్గరయ్యెనన్నచో, దూరము మైళ్లతో కొలుచునది కాదని తేలుచున్నది. ఎన్నిసార్లు విన్నాము, ఎంత ఇష్టముతో విన్నాము అనునదే కొలత.

తెలుగువారికి ఇట్టి ఉమ్మడి ఎరుక పూర్తిగా నశించినదని చెప్పుట అన్యాయము. అది కావ్యమును విడిచి సినిమాలో నిలిచినది. 2010లో తమిళమున సి.ఎస్. అముదన్ తీసిన ‘తమిళ్ పడం’ అను చిత్రమును భీమనేని శ్రీనివాసరావు తెలుగు సినిమాలకు తగినట్లు మలచి, అల్లరి నరేశ్ నాయకుడుగా 2012లో ‘సుడిగాడు’ తీసెను. మన కథానాయకుల పరిచయ దృశ్యములు, ప్రతిజ్ఞలు, తొడగొట్టుటలు, ఒంటిచేత్తో వందమందిని పడగొట్టుటలు వరుసగా అందులో ఆటపట్టింపబడినవి. 2014లో స్టీవెన్ శంకర్ అను మారుపేరుతో సాయి రాజేశ్ ‘హృదయ కాలేయం’ తీసి, సిద్దిపేట ప్రాంతమునుండి వచ్చిన సంపూర్ణేశ్ బాబును నాయకునిగా నిలిపెను. 2019లో వచ్చిన ‘కొబ్బరి మట్ట’లో అదే నటుడు పాపారాయుడు, పెదరాయుడు, ఆండ్రాయుడు అను మూడు వేషములు వేసెను. 1995లో వచ్చిన ‘పెదరాయుడు’ చూడనివానికి అందులో సగము నవ్వు అందదు. తీర్పు చెప్పు పెద్దయ్య, కన్నీరు కార్చు కుటుంబము, ఊరంతయు చేతులు కట్టుకొని నిలుచుండుట, ఈ తంతును ఇంటిల్లిపాదియు టెలివిజనులో ఎన్నోమారులు చూచిరి గనుకనే ‘కొబ్బరి మట్ట’ నిలిచినది.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. ‘హృదయ కాలేయం’ తీసిన సాయి రాజేశే తరువాత 2020లో ‘కలర్ ఫోటో’కు కథ వ్రాసెను. అది ఆ సంవత్సరమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను. 2023లో ‘బేబి’ని దర్శకత్వము వహించి తీసెను. రెండును కంటతడి పెట్టించు ప్రేమకథలే. ప్రేమకథ ఏ చోట అబద్ధమాడునో కనిపెట్టినవానికి, అది ఏ చోట నిజము పలుకునో కూడ తెలియును. వంకరగా గీయగల చేయి తిన్నగాను గీయగలదు.

ఇంతవరకు ఒక సందేహమును ప్రక్కకు నెట్టి వచ్చితిమి. ప్రేమించిన దానిని చూచి నవ్వుట ద్రోహము కాదా? అభిమానుల విషయమున ఈ సందేహము మరింత గట్టిది. తన కథానాయకుని ఒక్క మాటయన్న కొట్టుటకు వచ్చునట్టి అభిమానియే ఈ హాస్యానుకరణములను డబ్బిచ్చి కొని చూచుట యేమి? దీనికి సమాధానము మన భక్తి సాహిత్యమున దొరకును. కాసుల పురుషోత్తమ కవి కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువుపై ‘ఆంధ్రనాయక శతకము’ చెప్పెను. పద్యము వెంట పద్యమున దేవుని దెప్పిపొడిచెను. ఆయన గొప్పలలోని డొల్లతనమును బయటపెట్టినట్లే మాటలాడెను. గోలకొండ చెరసాలలో మ్రగ్గిన భద్రాచల రామదాసు తాను చేయించిన నగల వెచ్చము నెత్తి రాముని నిలదీసెను. దీనిని మనవారు నిందాస్తుతి అనిరి. దేవుని ఎరుగనివాడు దేవుని తిట్టలేడు. తిట్టినను ఆ తిట్టు తగలదు. నిత్యము అర్చించువానికే మూలవిరాట్టు ముక్కు కొంచెము వంకరయని తెలియును, చెప్పుటకు చనువుండును.

కావున పేరడీలో మూడు స్వభావములను మనము వేరుపరుపవచ్చును. రూపమును వాడుకొని వ్యక్తిని కొట్టునది మొదటిది. జగ్గకవిది ఆ తెగ. కవి గొంతుకను అనుకరించి ఆ గొంతుకలోని విశేషమును లోకమునకు చూపునది రెండవది. జరుక్ శాస్త్రిది ఆ తెగ. తన దైవముతో చనువుగా పరిహాసమాడునది మూడవది. నిందాస్తుతియు, జపాను అభిమానుల హాస్యచిత్రములును ఆ తెగకు చెందును. లాన్సరు పదిమారులు చచ్చుట చూచి నవ్వినవాడే, మూలకథలో అతడు ఒక్కమారు చచ్చినపుడు కన్నీరు పెట్టినవాడు.

ఈ మూడవ తెగలోను చిక్కులు లేకపోలేదు. మొదటిది, తలుపు మూసికొని నవ్వుట. ఎరిగినవారి సంతోషము ఎరుగనివారిని వెలివేయుటగా మారుట సులభము. ‘ఈ కథ కూడ తెలియదా?’ అని తోటి విద్యార్థిని చిన్నబుచ్చు పిల్లలను ప్రతి తరగతిలోను చూచుచున్నాము. మన పండితులును ఒకప్పుడు ఇదే చేసిరి. సమాసము విడదీయలేనివానిని సభలో నవ్వులపాలు చేసి, పద్యమునకు శత్రువులను పెంచుకొనిరి. రెండవది, వ్యాపారము. అభిమానికి తెలిసిన బొమ్మనే కొంచెము మార్చి మరల మరల అమ్ముచున్నచో, కొత్త కథ పుట్టవలసిన అక్కర తగ్గును. మూడవది, నవ్వు రూపమును విడిచి మనిషిమీదికి పోవుట. సంపూర్ణేశ్ బాబు చిత్రములకు నవ్వినవారిలో, మన సినిమా నాయకత్వపు డాంబికమును చూచి నవ్వినవారు కొందరు. ‘ఈ రూపముగలవాడు నాయకుడా?’ యని నవ్వినవారు కొందరు. మొదటివారు చిత్రమును అర్థము చేసికొనిరి. రెండవవారు ఆ చిత్రము ఎవరిని ఎగతాళి చేయుచున్నదో వారిలోనే చేరిరి. జగ్గకవి చేసిన తప్పు ఇదే. పేరడీని పిల్లల చేతికిచ్చు పంతులు ముందుగా చెప్పవలసిన హద్దును ఇదే.

మరియొక ఆక్షేపణ రావచ్చును. మూలము మరుగుపడినను పేరడీ బ్రతుకదా? స్పెయిను దేశపు సెర్వాంటిస్ 1605లో ‘డాన్ క్విక్సోట్’ మొదటి భాగమును ప్రకటించెను. అది ఆనాటి వీరగాథలకు పరిహాసము. ఆ వీరగాథలను నేడు పండితులు తప్ప చదువువారు లేరు. ‘డాన్ క్విక్సోట్’ను లోకమంతయు చదువుచున్నది. నిజమే. అయితే లోకము దానిని పేరడీగా చదువుట లేదు. పిచ్చి ఆదర్శము గల ఒక ముసలివాని కథగా, అతని వెంటనంటి తిరుగు సేవకుని కథగా చదువుచున్నది. పేరడీ చచ్చి నవలయై మరల పుట్టినది. అట్టి పునర్జన్మ నూటికో కోటికో ఒకదానికి లభించును. తక్కినవాటికి మూలముతోనే సహగమనము.

ఈ దృష్టితో మన పాఠశాలల స్థితిని చూతము. 2018లో తెలంగాణ శాసనసభ 1వ తరగతినుండి 10వ తరగతివరకు తెలుగు బోధనను తప్పనిసరి చేయుచు చట్టము చేసెను. 2025 ఫిబ్రవరిలో సి.బి.ఎస్.ఇ. మొదలగు ఇతర బోర్డుల పాఠశాలలలో 9, 10 తరగతులకు ‘సింగిడి’ అను వాచకము స్థానమున మరింత సులువైన ‘వెన్నెల’ వాచకము నుంచుటకు ప్రభుత్వము ఉత్తర్వు చేసెను. తెలుగు మాతృభాష కాని పిల్లలకు ఇది ఉపకారమే. జీడిమెట్లవంటి చోట దీని అవసరము ఎవరును కాదనలేరు. అయితే చట్టము తెలుగును తరగతి గదిలోనికి తేగలదు. పిల్లవాని నాలుకమీదికి తేలేదు. పదవ తరగతి దాటగానే, మార్కులు ఎక్కువ వచ్చునని సంస్కృతమును ద్వితీయభాషగా ఎన్నుకొనువారు మన ప్రైవేటు జూనియర్ కళాశాలలలో ఎందరో కలరు. వారు సంస్కృతమును ప్రేమించియు కాదు, తెలుగును ద్వేషించియు కాదు. పది సంవత్సరములు చదివిన తెలుగులో వారికి నోటికి వచ్చినది, వదలుటకు మనసొప్పనిది ఏదియు మిగులలేదు. విడుచుటకు కష్టముగానున్న పద్యము ఒక్కటి యున్నను విడిచియుండరు.

పూర్వము పద్యనాటకమునకు వచ్చిన రైతు చదువుకొన్నవాడు కాడు. అయినను తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగ విజయముల’లోని పద్యములు అతనికి కంఠస్థములు. నటుడు రాగము సాగదీసినపుడు ‘వన్స్ మోర్’ అని కేకవేసెను. మాట తప్పినపుడు పట్టుకొనెను. ఇంటికి పోవుచు ఆ పద్యమునకే తన బావమరిదిమీద ఒక వెక్కిరింత కట్టెను. ఆ వెక్కిరింత పద్యమునకు అవమానము కాదు. పద్యము ఊరిలో స్థిరపడినదనుటకు రుజువు. 2022 ఆగస్టులో ‘పోకిరి’ చిత్రమును మరల విడుదల చేసినపుడు యువకులు తెరమీది మాటకంటె ముందుగా తామే మాట పలికిరి. అదే వన్స్ మోర్, అదే కంఠస్థము. కంఠస్థము చేయు శక్తి మన పిల్లలలో తగ్గలేదు. దానికి మనము అందించు సరకు తగ్గినది. అందించు తీరు చెడినది.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠములోని ఒక పద్యమునైనను, ఒక గేయమునైనను అర్థము వ్రాయించుటకంటె ముందు పలుమారులు గొంతెత్తి చదివింపుడు. నోటికి వచ్చిన పిమ్మట ‘దీనికి పేరడీ కట్టుడు’ అని చెప్పుడు. వేమన ఆటవెలదికి పేరడీ కట్టదలచిన పిల్లవాడు, బేసి పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు ఉండవలెననియు, సరి పాదములలో అయిదును సూర్యగణములే యనియు తానే వచ్చి అడిగి తెలిసికొనును. నాలుగవ గణము మొదట యతి కుదరక తల గోకుకొనును. పరీక్షకై వల్లించి మరునాడు మరచిపోవు ఛందస్సు ఆ నాడు అతనికి పనిముట్టు అగును. బస్సులోని రద్దీ, హాస్టలు పప్పుచారు, ట్యూషను మాస్టారి గడియారము, వస్తువు ఏదైనను కావచ్చును. హద్దు ఒక్కటే: తోటివాని రూపము, కులము, ఊరు, యాస, పేదరికము వస్తువు కారాదు. ఒడిశానుండి వచ్చిన పిల్ల తన భాషలోని పాటకు తెలుగున పేరడీ కట్టిన మరియు మంచిది. తరగతి గదిలో ఉమ్మడి కథ ఒకటి క్రొత్తగా ఏర్పడును. జపాను కథనే ఆటవెలదిలో పెట్టెదనను పిల్లవాని ఉత్సాహమును ఆపవద్దు. 1993లో జపానువారును మనవారును కలిసి తీసిన రామాయణపు బొమ్మల చిత్రము 2025 జనవరిలో తెలుగు మాటలతో మన సినిమాశాలలకు వచ్చినది. కథలు సముద్రములు దాటుట క్రొత్త కాదు. మన కథ వారి బొమ్మలలో ఒదిగినపుడు, వారి కథ మన ఛందస్సులో ఒదుగదా?

విద్యార్థులకును ఒక మాట. మీరు మెచ్చు హాస్యచిత్రమును మీరు ఊరక చూచుట లేదు. వందల గంటలు మూలమును చూచి, ఆ నవ్వునకు అర్హత సంపాదించుకొని నవ్వుచున్నారు. ఆ శ్రమను మీరు శ్రమయని తలపలేదు. అట్టి శ్రమలో నూరవ వంతు మీ వాచకములోని ఒక కవికి పెట్టి చూడుడు. శ్రీశ్రీ ‘నవకవిత’ను నాలుగు దినములు గొంతెత్తి చదువుడు. అయిదవ దినమున జరుక్ శాస్త్రి పేరడీ తీయుడు. పచ్చళ్ల పేర్లు వచ్చుచోట ఎవరును వివరింపకుండగనే మీకు నవ్వు వచ్చినచో, ఆ రెండు గేయములును ఇక మీవి.